మన కోచ్ దొరికిపోయినప్పుడు

అందరికీ నమస్కారం.

ఈ రోజు నాకిచ్చిన అంశం ఫుట్‌బాల్. గెలుపోటముల గురించి కాదు, మన కోచ్ తప్పు చేసి దొరికాడని తెలిసినప్పుడు అభిమానులు ఏం చేస్తారన్న సంగతి. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం కాబట్టి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్ పక్కనే ఉంది. ఈ హాల్లో చాలామంది పిల్లలు అక్కడ చదివినవాళ్లో, చదువుతున్నవాళ్లో, సీటు వస్తుందా రాదా అని టెన్షన్ పడుతున్నవాళ్లో. వెనక వరసలో, మిషిగన్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఊరు కొలంబస్ నుంచి వచ్చిన అల్లుడుగారు ఒకరున్నారని చెప్పారు. బాబూ, నవ్వుకోకండి, మీ వంతు కూడా వస్తుంది.

ఆట తెలియని పెద్దవాళ్ల కోసం రెండు మాటలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట ఆగి ఆగి సాగుతుంది. ఆగిన ఆ కొద్ది సెకన్లలో బంతి తర్వాత ఎటు పోవాలో గీత బయట నిలబడ్డ కోచ్ చెప్పాలి. మిషిగన్ స్టేడియంలో పట్టేది 1,07,601 మంది. ఆ అరుపుల్లో మాట ఎవరికి వినపడుతుంది? అందుకే సైగలు. ముగ్గురు నలుగురు వరసగా నిలబడి చేతులు తిప్పుతుంటారు, అందులో ఒకరివే అసలు సైగలు, మిగతావి ఉత్తుత్తివి. పెద్ద అట్టల మీద బొమ్మలు అంటించి పైకెత్తుతారు. ప్రొఫెషనల్ ఆటగాళ్లకు 1994 నుంచే హెల్మెట్‌లో రేడియో ఉంది. పెద్ద కాలేజీ జట్లకు అది 2024లో గానీ రాలేదు.

ఎదుటి జట్టు సైగల్ని ఆ రోజు మైదానంలో చూసి పసిగడితే తప్పు లేదు. రేపు మనతో ఆడబోయే జట్టు ఇవాళ ఇంకెవరితోనో ఆడుతుంటే, అక్కడికి మనిషిని పంపి కనిపెట్టడం తప్పు. పేకాటలో ఎదురుగా కూర్చున్నవాడు ముక్కలు వంచి పట్టుకుంటే కంట పడటం వేరు, వాడు నిన్న ఇంకొకరింట్లో ఆడుతుంటే కిటికీలోంచి వీడియో తీయించడం వేరు కదా.

మిషిగన్ జట్టు సిబ్బందిలో ఉండి అలాంటి వీడియోలు తీయించిన మనిషి కానర్ స్టాలియన్స్. మన పక్కనున్న లేక్ ఓరియన్‌లో పెరిగినవాడే. నేవల్ అకాడమీలో చదివి, మెరైన్స్‌లో కెప్టెన్‌గా చేసి వచ్చాడు. తెలిసినవాళ్లను ఊరూరికీ పంపి, స్టాండ్స్‌లోంచి ఫోన్లతో తీయించాడు. విచిత్రం ఏమిటంటే టికెట్లు చాలావరకు సొంత పేరు మీదే కొన్నాడు! మూడు సీజన్లలో 13 జట్లు, 52 ఆటలు అని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తీర్పు లెక్క తేల్చింది. 2023 సెప్టెంబరు 1 రాత్రి ఈస్ట్ లాన్సింగ్‌లో, మిషిగన్‌తో తర్వాత ఆడబోయే మిషిగన్ స్టేట్ అనే వేరే జట్టుతో సెంట్రల్ మిషిగన్ ఆడుతుంటే, ఈయన సెంట్రల్ మిషిగన్ కోచ్‌ల మధ్యలో, వాళ్ల చొక్కాయే వేసుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ ఫొటో చూస్తే దొంగతనం కన్నా వేషం ఎక్కువ కనిపిస్తుంది నాకు.

అక్టోబరు మూడోవారంలో సంగతి బయటపడింది. ఆ సీజన్‌లో అప్పటికి మిషిగన్ ఒక్క ఆట కూడా ఓడలేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో మొదట వచ్చినమాట, "ఇదంతా గిట్టనివాళ్ల పుకారు" అని. ఫొటోలు, టికెట్ల వివరాలు వచ్చాక "అందరూ చేసేదేగా" అన్నారు. ఒహాయో స్టేట్, రట్గర్స్ జట్ల వాళ్లు కూడా 2022లో మిషిగన్ సైగల్ని పర్డ్యూ జట్టుకి అందించారని వార్త వచ్చింది. ఇక చూడండి ఉత్సాహం! అది బయటివాళ్లను పంపి తీయించిన వీడియోల వ్యవహారం కాదు, జట్లు తమ దగ్గరున్నది పంచుకోవడం. ఆ తేడా ఎవరూ పట్టించుకోలేదు. బయటి దర్యాప్తు సంస్థ ఒకటి ఎన్‌సీఏఏకి ఆధారాలు ఇచ్చిందని వాషింగ్టన్ పోస్ట్ రాశాకైతే చర్చే మారిపోయింది. ఏం చేశారన్నది పక్కకు పోయి, ఎవరు పట్టించారన్నది ముందుకొచ్చింది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటాం. మనవాడైతే దొరికినా దొరే.

నవంబరు 10న మిషిగన్ హెడ్ కోచ్ జిమ్ హార్బాను, ఈ జట్లన్నీ ఉన్న లీగ్ బిగ్ టెన్ మూడు ఆటలకు సస్పెండ్ చేసింది. మర్నాడే పెన్ స్టేట్ మీద ఆట. ఆయన బదులు జట్టును నడిపిన షెరోన్ మూర్ 24-15తో గెలిచి, టీవీ మైకు ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. "మిషిగన్ వర్సెస్ ఎవ్రీబడీ" చొక్కాలు ఊరంతా కనిపించాయి. టచ్‌డౌన్‌కీ ఫీల్డ్ గోల్‌కీ తేడా తెలియని నా మిత్రుడొకడు ఆ చొక్కా వేసుకుని సత్యనారాయణ వ్రతానికి వచ్చాడు. కూతురికి ఆన్ ఆర్బర్‌లో సీటు వచ్చిన ఏడాది మరి! ప్రసాదం తింటూ హార్బాకు జరిగిన అన్యాయం మీద అరగంట మాట్లాడాడు.

అతన్ని ఎగతాళి చెయ్యడానికి చెప్పడం లేదు. ఆ కోపం వెనక ఉన్నది వేరే. హార్బా 2015లో వచ్చాక ఒహాయో స్టేట్ చేతిలో వరసగా ఐదుసార్లు ఓడాడు. 2020లో ఆరు ఆటలాడితే గెలిచినవి రెండు. 2021 నవంబరులో మంచు పడుతుండగా 42-27తో గెలిచినప్పుడు జనం మైదానంలోకి దూకేశారు. మరుసటి ఏడు కొలంబస్ వెళ్లి మరీ గెలిచారు. ఇప్పుడు ఎవరో వచ్చి ఆ రోజులన్నీ చెల్లవంటే ఒప్పుకోవడం ఎవరి తరం? అభిమాని కాపాడుకునేది కోచ్‌ని కాదు, ఆ రోజు తను పడ్డ సంతోషాన్ని. అది ఎన్‌సీఏఏ రద్దు చేస్తే రద్దయ్యేది కాదు.

అల్లుడుగారూ, మీ వంతు. మిషిగన్ గెలుపులన్నీ రద్దు చెయ్యాలని కొలంబస్‌లో గట్టిగా అడిగారు. న్యాయమే. మీ ఒహాయో స్టేట్ పాత కోచ్ జిమ్ ట్రెసెల్ సంగతి? జట్టు కుర్రాళ్లు ఉంగరాలు, జెర్సీలు ఇచ్చి టాటూలు, డబ్బు తీసుకున్నారని 2010 ఏప్రిల్‌లోనే ఆయనకు ఈమెయిల్ వచ్చింది. యూనివర్సిటీకి చెప్పలేదు. 2011 మే 30న రాజీనామా చేశారు. 2010 గెలుపుల్ని యూనివర్సిటీ వదులుకుంది. 2012లో పన్నెండుకి పన్నెండు గెలిచినా, శిక్ష వల్ల పెద్ద ఆటలకు వెళ్లలేకపోయింది. అదే ఏడు నవంబరులో, అదీ మిషిగన్‌తో ఆడుతున్న రోజున, 2002 ఛాంపియన్‌షిప్ పదేళ్ల పండగని పాత శిష్యులు ట్రెసెల్‌ని మైదానంలో భుజాలకెత్తుకున్నారు. స్టేడియం హోరెత్తింది. ఇప్పుడాయన ఒహాయో లెఫ్టినెంట్ గవర్నర్.

మనం మాత్రం తక్కువ తిన్నామా? మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణతో అజరుద్దీన్ మీద బీసీసీఐ 2000 డిసెంబరులో జీవితకాల నిషేధం పెట్టింది. అది చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పేసరికి 2012 నవంబరు అయింది. హైదరాబాద్‌లో అజ్జూ భాయ్ అభిమానులు ఆ తీర్పు కోసం పన్నెండేళ్లు ఆగారంటారా? వాళ్ల తీర్పు వాళ్లు ఎప్పుడో ఇచ్చేసుకున్నారు.

మళ్లీ ఆన్ ఆర్బర్‌కి వద్దాం. హార్బా లేకుండానే ఒహాయో స్టేట్ మీద 30-24తో గెలిచారు. 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో వాషింగ్టన్‌ని 34-13తో ఓడించి జాతీయ ఛాంపియన్లయ్యారు. నెలాఖరుకల్లా హార్బా లాస్ ఏంజిలిస్ ఛార్జర్స్‌కి వెళ్లిపోయాడు. ఎన్‌సీఏఏ తీర్పు 2025 ఆగస్టులో వచ్చింది. స్టాలియన్స్ తన ఫోన్‌ని చెరువులో పడేశాడని, మూర్ అతనితో నడిపిన 52 మెసేజీలు డిలీట్ చేశాడని అందులో ఉంది. జట్టును సీజన్ చివరి ఆటల నుంచి తప్పించాల్సిన కేసే గానీ, తప్పు చెయ్యని ఇప్పటి కుర్రాళ్లకు అన్యాయం అవుతుందని జరిమానా వేశారు. అది 2 కోట్ల డాలర్లు దాటుతుందని పత్రికలు లెక్కగట్టాయి. హార్బాకి కాలేజీ జట్లలో పనిచెయ్యడం మీద పదేళ్ల ఆంక్ష, అదీ వేరే కేసులో పడ్డ పాత శిక్ష ముగిశాక 2028 నుంచి. ప్రొఫెషనల్ లీగ్‌లో ఉన్న మనిషికి అది అడ్డమే కాదు. ఒక్క గెలుపూ రద్దు కాలేదు. మన గ్రూపుల్లో ఆ రోజు మిఠాయి బొమ్మలు పంచుకున్నారు.

నాకు కష్టంగా అనిపించేది ఇక్కడే. పండగ చేసుకోండి, నేనూ చేసుకున్నాను. కానీ మూడు సీజన్లు ఇది కళ్లముందు నడుస్తుంటే యూనివర్సిటీలో ఎవరు చూస్తూ ఊరుకున్నారని సీజన్ టికెట్ కొనేవాడు ఒక్కడైనా గట్టిగా అడిగాడా? కోచ్‌ని తిట్టినవాళ్ల మీద విరుచుకుపడటానికి ఉన్న ఓపికలో సగం అటు పెట్టినా పెద్దలకు చెమటలు పట్టేవి. తప్పు నడిచినప్పటి హెడ్ కోచ్ వేరే ఉద్యోగంలో చేరిపోయాడు, బిల్లు మాత్రం వెనక మిగిలినవాళ్లకు వచ్చింది.

2024 నవంబరులో స్టాలియన్స్ లేడు, హార్బా లేడు, హెల్మెట్లలో రేడియోలు వచ్చేశాయి. అయినా కొలంబస్‌లో మిషిగన్ 13-10తో గెలిచింది. "చూశారా, దొంగతనం అక్కర్లేదు" అని మనవాళ్లు ఊగిపోయారు. అది ఆ ఒక్క ఆటకే సాక్ష్యం, 2021కి కాదు అంటే నన్ను గ్రూపులోంచి తీసేశారు. 2025లో ఆన్ ఆర్బర్‌లోనే ఒహాయో స్టేట్ 27-9తో గెలిచింది. "చూశారా, సైగలు లేకపోతే ఇంతే" అని కొలంబస్ వాళ్లు మొదలుపెట్టారు. అల్లుడుగారు తలాడిస్తున్నారు. మైకు ఆయనకిస్తాను, ట్రెసెల్ గురించి ఏం చెప్తారో విందాం.