నర్సు మీద ఫిర్యాదు వస్తే

శ్రోతలకు నమస్కారం.

నర్సు మీద ఫిర్యాదు అనగానే ఉద్యోగం పోతుందనే అనుకుంటాం. ఉద్యోగం వేరు, రిజిస్ట్రేషన్ వేరు. ఒక ఆసుపత్రి తీసేస్తే ఇంకోచోట చేరవచ్చు. నర్సింగ్ కౌన్సిల్ తన రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తే మాత్రం, దాని పరిధిలో ఎక్కడా నర్సుగా పనిచేయడానికి వీల్లేదు. ఈ రిజిస్టరు కోసమే దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం మొదట చేసింది న్యూజిలాండ్, 1901లో.

నర్సుల నియమావళి తిరగేస్తే అన్నీ తెలిసిన మాటలే. రోగి గుట్టు బయటపెట్టకూడదు, చేతకాని పని నెత్తిన వేసుకోకూడదు, చేసింది చేసినట్టు రాయాలి. ఈ చివరిదే అసలు చిక్కు.

ఒకరి మాత్ర పక్క బెడ్ మనిషికి వెళ్లిందనుకోండి. వెంటనే డాక్టరుకు చెప్పి, బీపీ చూసి, జరిగింది కేస్ షీటులో రాస్తే అది పొరపాటు. చార్టులో తప్పు పడితే ఒక్క గీత గీయాలి, అడుగున రాసింది కనబడాలి, పక్కన సంతకం, తేదీ, టైము ఉండాలి. వైట్‌నర్ పూసినా, ఇవ్వని మాత్రకు టిక్ పెట్టినా సంగతే మారిపోతుంది. పొరపాటు చేసిన మనిషికి మళ్లీ నేర్పవచ్చు. రాతలో అబద్ధమాడిన మనిషిని రేపు ఏ వార్డులో నమ్మాలన్నది విచారించేవాళ్ల భయం.

మార్ఫిన్ లాంటి, మత్తు కలిగించే నొప్పి మందులకు చాలాచోట్ల ఇద్దరి సంతకాలు కావాలి, మిగిలింది పారబోసేటప్పుడు కూడా. కళ్లతో చూడకుండా, మొహమాటానికి ఆ రెండో సంతకం పెట్టేవాళ్లుంటారు. లెక్క తేడా వస్తే వాళ్లూ ఇరుక్కుంటారు.

పొరపాటు జరిగిన రాత్రి ఆ నర్సు చేతికింద ఎంతమంది రోగులున్నారు? ఇద్దరి పని ఒక్కరిమీద వేశారా? ఇది విచారణ మొదటి రోజే అడగాలంటాను. లేకపోతే డ్యూటీ వేసినవాళ్లు తప్పించుకుంటారు, చేసినవాళ్లు దొరికిపోతారు.

ఆరోపణ కాగితం మీద ఇవ్వాలి, జవాబుకు గడువు ఇవ్వాలి. విచారణ తేలేదాకా పెట్టే సస్పెన్షన్ ఎంత టెన్షన్ పెట్టినా, తప్పు రుజువైనట్టు కాదు. రుజువు కొలత కూడా క్రిమినల్ కోర్టులో ఉన్నంత గట్టిగా ఉండకపోవచ్చు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్‌లో 2008 నుంచి, జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలు.

అందుకే ఫిర్యాదు రాసేవాళ్లు కూడా తేదీ, టైము, వార్డు స్పష్టంగా పెట్టాలి. కళ్లారా చూసింది ఒకచోట, ఎవరో చెప్పగా విన్నది ఇంకోచోట రాయాలి.