గిన్నెలోంచి గుప్పెడు: క్రైస్తవ త్యాగం అంటే ఏంటి?

అందరికీ వందనాలు.

"షుగర్ వచ్చింది, ఏం చేస్తాం, ఇది నా సిలువ." "మా అత్తగారే నా సిలువ." ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. షుగర్ జబ్బు, మందులు వేసుకోండి. అత్తగారు మనిషి, కూర్చుని మాట్లాడుకోండి. లూకా 9:23లో సిలువను "ఎత్తికొని" అని ఉంది, అది కూడా ప్రతిదినం. నెత్తిన పడింది వేరు, ఎత్తుకున్నది వేరు. దించేసి వెళ్లిపోయే వీలుండి కూడా మోసేదే సిలువ.

ఇంకో పొరపాటు, ఎంత నొప్పి పుడితే అంత త్యాగం అనుకోవడం. పాపాలకు బలి యేసుతో ఒక్కసారే జరిగిపోయిందని హెబ్రీ 10 తేల్చేసింది. ఆ బాకీలో మనం కట్టాల్సిన వాయిదాలు లేవు. మనం ఇచ్చేది కృతజ్ఞతతో ఇచ్చేది.

[తెర మీద: బియ్యం గిన్నె, పక్కన చిన్న డబ్బా]

గుప్పెడు బియ్యం అంటే వండే ప్రతిసారీ చర్చి కానుక కోసం ఓ గుప్పెడు పక్కన పెట్టడం. మిజోరంలోని మిజో క్రైస్తవ స్త్రీలు 1910లో మొదలుపెట్టి ఇప్పటికీ నడుపుతున్నారు, వాళ్ల భాషలో బుహ్‌ఫై థామ్. పద్ధతి చూడండి. ఇంట్లో వాళ్లకు సరిపడా బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, కడగకముందే, అందులోంచి గుప్పెడు తీసి డబ్బాలో వేయాలి. కడిగాక తీస్తే ముక్కిపోతాయి. గుప్పెడంటే సుమారు 45 గ్రాములు. రెండు పూటలా తీస్తే నెలకు 2.7 కిలోలు.

మరి బస్తాలోంచి తీస్తే? అసలు కిటుకంతా అక్కడే పోతుంది. బస్తాలో తరిగితే ఎవరికీ తెలియదు. గిన్నెలోంచి తీస్తే ఆ పూట మన కంచంలో ఓ ముద్ద తగ్గుతుంది, ఆ ముద్ద ఇంకొకరి కంచంలోకి చేరుతుంది. ఈ రెండో సగం లేకపోతే అది డైటింగ్.

ఇదే గుప్పెడు పట్టుకుని మిగతావీ చూద్దాం.

డబ్బాలో నూకలు, పురుగు పట్టిన బియ్యం పడుతున్నాయా? మలాకీ 1లో కుంటి గొర్రెను తెచ్చినవాళ్లదీ ఇదే తెలివి. ఇవే మీ అధికారికి ఇచ్చి చూడండి అంటాడు ప్రవక్త. ఆ వెటకారం నాకు భలే ఇష్టం.

పక్కవాడి గిన్నెలోంచి తీస్తే? మార్కు 7లో కొర్బాను గొడవ అదే. అమ్మానాన్నలకు పెట్టాల్సింది దేవునికి ఇచ్చేశానని తప్పించుకోవడం. ఇప్పుడైతే పిల్లల ఫీజు డబ్బు కానుక సంచిలో వేసి విశ్వాసం అంటున్నారు. త్యాగం చేసింది పిల్లలు, పేరు మాత్రం నాన్నది!

[తెర మీద: రెండు చిన్న నాణేలు]

దేవాలయం కానుక పెట్టెలో తనకున్నదంతా వేసిన బీద విధవరాలి రెండు కాసులు. ఆ కాసు పేరు లెప్టా, రెండు లెప్టాలు కలిపితే ఒక దేనారంలో 64వ వంతు. దేనారం ఒక రోజు కూలి. కూలి 640 రూపాయలనుకుంటే ఆమె వేసింది పది రూపాయలు. ప్రసంగాలు ఇక్కడే ఆగిపోతాయి, "మీరూ ఉన్నదంతా వేయండి" అని. మార్కు 12లో ఒక్క వచనం వెనక్కి వెళ్లండి. విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రులను, అంటే ధర్మశాస్త్ర బోధకులను, యేసు తిట్టింది అక్కడే. తర్వాతి అధ్యాయం మొదట్లోనే ఆ దేవాలయం రాయి మీద రాయి నిలవకుండా కూలుతుందన్నాడు. ఆమె గుప్పెడు గొప్పదే. ఆమె గిన్నె ఎవరు ఖాళీ చేశారన్న ప్రశ్న కూడా అక్కడే ఉంది. ఆ వాక్యం చూపించి బీదవాళ్లను పిండడం నా లెక్కలో దోపిడీ.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. అపొస్తలుల కార్యములు 5లో పొలం అమ్మిన భార్యాభర్తలు అననీయ, సప్పీరా: పొలం డబ్బులో కొంత దాచుకోవడం తప్పు కాదు, అది నీదే కదా అని పేతురే అన్నాడు. గుప్పెడు వేసి గిన్నెంతా వేశామన్నారు, తప్పు అదే. 1 కొరింథీ 13:3: ఆస్తంతా పంచినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదు.

చివరగా శ్రమకాలం, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు. మటన్ మానేస్తే ఆ డబ్బు వారంవారం విడిగా తీసి పెట్టండి. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టు అన్నది యెషయా 58లోని ఉపవాసం. పక్కన పెట్టకపోతే ఆ డబ్బు ఈస్టర్ బట్టల్లో కలిసిపోతుంది. అన్నట్టు, శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఆ ఆరు రోజులూ పండగే, మటన్ కూర వండుకోండి.