రాత్రంతా ఏడ్చే దీవి: హెరాన్ ఐలాండ్‌కి ఏ నెలలో వెళ్లాలి?

ముందు ఈ శబ్దం వినండి. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

పసిపిల్ల ఏడుస్తున్నట్టు ఉంది కదా? మొదటి రాత్రి నేను హడలిపోయి తలుపు తీశాను. గది పక్కనే ఇసుకలో ఒక బొరియ, దాని మూతి దగ్గర ఒక పక్షి. పేరు షియర్‌వాటర్. పగలంతా సముద్రం మీద తిరిగి, చీకటి పడ్డాక ఇల్లు చేరి జంటతో చెప్పుకునే కబుర్లు ఇవి. అక్టోబర్‌లో వచ్చి మే దాకా ఉంటాయి. ఆ నెలల్లో ఇక్కడ నిద్ర మీద ఆశ పెట్టుకోకండి.

హెరాన్ ఐలాండ్ ఆస్ట్రేలియాలో, గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడాల దిబ్బల వరసకి దక్షిణ కొసన ఉంది. గ్లాడ్‌స్టన్ ఊరి నుంచి దాదాపు 80 కిలోమీటర్లు, బోటులో రెండు గంటలు. పొడవు 800 మీటర్లు, అంతే. పగడాల పొడి, గవ్వల పొడి పేరుకుని ఏర్పడిన ఇసుక దిబ్బ.

"అన్నీ ఒకే ట్రిప్‌లో చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి" అని అడుగుతుంటారు. అలాంటి నెల లేదండీ. తిమింగలాలు కావాలా, జూలై నుంచి అక్టోబర్. పగడాలు గుడ్లు వదిలే రాత్రి కావాలా, సాధారణంగా నవంబర్ పౌర్ణమి తర్వాత నాలుగైదు రోజులకి. నీళ్లలో గులాబీ రంగు పూసలు చల్లినట్టు ఉంటుంది. కానీ ఆ రాత్రిని క్యాలెండర్ చూసి పట్టుకోవడం కష్టం. ఒక్క రోజు అటూ ఇటూ అయితే డబ్బులు పోయినట్టే.

నన్నడిగితే జనవరి చివర, లేదా ఫిబ్రవరి. అక్కడ అది మంచి ఎండాకాలం, చెమటలు కారిపోతాయి. అయినా అప్పుడే వెళ్లండి. గుడ్లు పెట్టే తల్లి తాబేళ్లు, గుడ్లలోంచి బయటపడే పిల్లలు, రెండూ కనిపించేది అప్పుడే.

ఇప్పుడు తెర మీద ఉన్నది గ్రీన్ టర్టిల్. వంద కిలోలు దాటిన మనిషి... సారీ, మనిషి అనేశాను, చూస్తుంటే అలాగే అనిపిస్తుంది! పోటు మీద ఒడ్డెక్కుతుంది, నాలుగడుగులు వేసి ఆయాసంతో ఆగుతుంది. వెనక కాళ్లతో గుంట తవ్వడం చూడండి, గరిటెతో పిండి తీసినంత పొందిగ్గా. వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. రెండు వారాలకి మళ్లీ వస్తుంది. ఒక సీజన్‌లో ఇలా చాలాసార్లు, ఆ తర్వాత కొన్నేళ్లు రాదు. ఈ పనికి తగిన వయసు రావడానికే దానికి ముప్పై ఏళ్ల పైన పడుతుంది. ఇదే దీవిలో 1920లలో తాబేలు సూప్ డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ నడిచింది. ఆ షెడ్డుతోనే తర్వాత రిసార్ట్ మొదలైంది.

టార్చి వేయొద్దు, ఎదురు వెళ్లొద్దు. గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా కదలకుండా కూర్చోవాలి. దోమల కన్నా ఫోన్ వెలుగుతో వచ్చేవాళ్లే నాకు ఎక్కువ చిరాకు తెప్పించారు.

పిల్లలు మామూలుగా చీకటి పడ్డాకే బయటికొస్తాయి. మా కర్మకొద్దీ ఒక గుంపు వెలుగుండగానే వచ్చింది. సీగల్స్ దిగాయి. నీళ్లదాకా చేరిన వాటి కోసం లోతు తక్కువ నీళ్లలోనే చిన్న సొరచేపలు తిరుగుతున్నాయి. చేత్తో ఎత్తి సముద్రంలో వదలాలనిపిస్తుంది. వదలకూడదు, అక్కడ రూల్ అదే. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లని అటవీ శాఖవాళ్లు తీసి హేచరీల్లో పొదిగిస్తారు కదా, నక్కలు, కుక్కలు ఉన్నచోట అది అవసరం. ఈ దీవిలో నక్కలూ లేవు, కుక్కలూ లేవు.

ఇంకో చిక్కుంది. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలే పుడతాయి. ఇదే రీఫ్ ఉత్తరాన పుట్టిన పిల్ల తాబేళ్లలో నూటికి 99 ఆడవేనని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. హెరాన్ వైపు పరిస్థితి అంత ముదరలేదు.

ఇక పైకి చూద్దాం. ఈ నల్ల పక్షులు బ్లాక్ నాడీలు. వైద్యులు పట్టుకునే నాడి కాదు! పిసోనియా చెట్ల ఆకుల్ని రెట్టతో అతికించి గూళ్లు కడతాయి. పిసోనియా మన పునర్నవ కుటుంబంలోదే. పొలం గట్టు మీద పునర్నవ గింజలు పంచెకి అంటుకోవడం తెలుసుగా? వీటి గింజలు ఇంకా మొండివి. ఒంటినిండా అంటుకుంటే నాడీ ఎగరలేక చచ్చిపోతుంది. ఇల్లిచ్చిన చెట్టే చంపుతుందన్నమాట. దాన్ని కూడా ఎవరూ వెళ్లి విడిపించరు.

సామాన్ల సంగతి చెప్పేస్తాను. నీళ్లలో తల ముంచి ఊపిరి పీల్చుకునే గొట్టం స్నార్కెల్, నీళ్లలో నడవడానికి పాత బూట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది. టోపీ మాత్రం మర్చిపోవద్దు. ఎండ సంగతి తర్వాత, పైన వేల నాడీలు ఉన్నాయి.