ఆజానుబాహువు లెక్క

శ్రోతలకు నమస్కారం.

మన కావ్యాల్లో వీరుణ్ణి ఆజానుబాహుడు అంటారు. నిటారుగా నిలబడితే చేతులు మోకాళ్లను అందుతాయని అర్థం. ఆ చెయ్యి ఎన్ని మూరలో చెప్పలేదు, గమనించారా? అతని మోకాలితోనే పోల్చారు. ఆరడుగుల మనిషికి చేతులు పొడుగ్గా ఉంటే వింతేమీ లేదు. అయిదడుగుల మనిషికి అంతే పొడుగు చేతులుంటే మాత్రం చొక్కా కుట్టే టైలర్ మళ్లీ ఒకసారి టేపు పెట్టి చూస్తాడు.

శరీర నిర్మాణాన్ని కొలతలతో చదివేవాళ్లకు వచ్చే మొదటి చిక్కు ఇదే. కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పుర్రె పొడవు, వెడల్పు, ముక్కు ఎత్తు విడివిడిగా తీసుకుని తేడాలు కూడితే, ఒకే సంగతిని రెండు మూడు సార్లు లెక్కపెట్టినట్టవుతుంది. 1936లో కలకత్తాలో గణాంక శాస్త్రవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్ దీనికో సూత్రం రాశారు. కలిసి పెరిగే, కలిసి తగ్గే కొలతల మధ్య ఉన్న ఆ సంబంధాన్ని లెక్కలోకి తీసుకున్నాకే రెండు గుంపుల మధ్య దూరం, అంటే ఎంత తేడా ఉందో, తేల్చాలన్నది దాని సారం.

ఆ సూత్రంతో 1946లో కేంబ్రిడ్జి వెళ్లిన పాతికేళ్ల యువకుడు మన తెలుగువాడే, కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్.రావు అంటే చాలామందికి తెలుస్తుంది. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మే చేసి, కలకత్తాలో మహలనోబిస్ దగ్గర చేరారు. కేంబ్రిడ్జి మ్యూజియంలో ఆయనకు అప్పగించిన పని సూడాన్‌లోని జెబెల్ మోయా దగ్గర దొరికిన పాత అస్థిపంజరాల కొలతలు. 1911-14 మధ్య హెన్రీ వెల్‌కమ్ అనే మందుల వ్యాపారి తవ్వించినవి అవి. ఆ మనుషులు ఎవరికి దగ్గర, ఎవరికి దూరం? పగలు ఎముకల లెక్క చూస్తూనే, పేరున్న గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తి చేశారాయన.

పుర్రెల కొలతలంటే నాకు కాస్త జంకే. 19వ శతాబ్దంలో వాటిని చూపించి జాతుల హెచ్చుతగ్గులు కట్టినవాళ్లు బోలెడుమంది. దూరం ఎంతో లెక్క చెబుతుంది గానీ, ఎవరు గొప్పో దానికేం తెలుసు?

ఇప్పుడు టేపు కన్నా చుక్కల మీద ఆధారపడుతున్నారు. కంటి గుంట మూల, దవడ కొస లాంటి చోట్ల గుర్తులు పెడతారు. కంప్యూటర్ ఆ చుక్కల బొమ్మలన్నిటినీ ఒకే సైజుకు తెచ్చి, తిప్పి, ఒకదానిమీద ఒకటి సర్దుతుంది. ఆరడుగులవాడూ అయిదడుగులవాడూ ఒకే సైజుకొచ్చాక, ఇక ఎవరి చేతులు మోకాలి దాకా వచ్చాయో చూడటమే.