ఓటు దగ్గర ఆగిపోయిన ఆనీ విట్టెన్‌మయర్

అందరికీ నమస్కారం. తాగుడు మీద పోరాడిన అమెరికా క్రైస్తవ స్త్రీలు అనగానే ఫ్రాన్సెస్ విలార్డ్ పేరే చెబుతారు. నేను ఆవిడకన్నా ముందు వాళ్ల జాతీయ సంఘం అధ్యక్ష కుర్చీలో కూర్చున్నావిడ గురించి చెబుతాను, ఆనీ విట్టెన్‌మయర్ గురించి.

1827లో ఒహైయోలో పుట్టింది, పెళ్లయ్యాక అయోవాలో మిసిసిపీ ఒడ్డున కియోకక్ అనే ఊరు చేరింది. ఐదుగురు పిల్లల్లో మిగిలింది ఒక్కడే, భర్తా దూరమయ్యాడు. ఇంతలో అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం. సైనికుల కోసం సామాన్లు పోగుచేసి ఆస్పత్రులకు తనే పట్టుకెళ్లేది, అలా ఒకసారి మిస్సోరీలో సెడేలియా ఆస్పత్రిలో అడుగుపెడితే మంచం మీద సొంత తమ్ముడు! పదహారేళ్లవాడు, టైఫాయిడ్. ముందు పెట్టిన ట్రేలో రేకు కప్పు నిండా చిక్కటి నల్ల కాఫీ, ఓ రొట్టె ముక్క, తన కొవ్వులో తనే తేలుతున్న వేయించిన పంది మాంసం. వాడు చూడలేక వద్దని చెయ్యి ఊపేశాడు. టైఫాయిడ్ వచ్చినవాడికి అదండీ పథ్యం! మనింట్లో అయితే జావ కాచేవాళ్లు.

ఆ ట్రే ఆవిడ మర్చిపోలేదు. 1864లో సైనిక ఆస్పత్రుల్లో పథ్యం వంటశాలలు మొదలుపెట్టించింది, డాక్టరు ఎవరికేది రాస్తే వాళ్లకది, అజమాయిషీ ఆడవాళ్లది. యుద్ధం ముగిసేసరికి అవి వంద దాటాయి.

తర్వాత ఫిలడెల్ఫియా. మెథడిస్టు అనే ప్రొటెస్టంట్ శాఖ స్త్రీలు పేదల ఇళ్లకూ రోగుల దగ్గరికీ వెళ్లి సేవ చేసేలా సంఘం కట్టింది, పత్రిక నడిపింది. 1873 డిసెంబరులో ఒహైయోలోని హిల్స్‌బరోలో ఆడవాళ్లు సారాయి కొట్లలోకే వెళ్లి నేలమీద మోకరించి ప్రార్థన చేశారు. అది ఊరూరా పాకింది, మరుసటి ఏడు నవంబరులో క్లీవ్‌లాండ్‌లో జాతీయ క్రైస్తవ మహిళా మద్యనిషేధ సంఘం పుట్టింది. అధ్యక్షురాలు ఆనీ, కార్యదర్శి విలార్డ్.

గొడవ ఓటు దగ్గర వచ్చింది. ఆడవాళ్లకు ఓటుంటేనే కొట్లు మూతపడతాయని విలార్డ్ వాదన, మనకెందుకా రాజకీయం, ప్రార్థన, ప్రచారం చాలని ఆనీది. నా మటుకు నాకు విలార్డే కరెక్ట్ అనిపిస్తుంది. కానీ ఐదేళ్లలో వెయ్యికి పైగా స్థానిక శాఖలు లేచింది ఈవిడ హయాంలోనే, అదీ మర్చిపోకూడదు. 1879లో ఇండియనాపొలిస్‌లో సంఘం అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగింది, విలార్డ్ చేతిలో ఆనీ ఓడిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో కూర్చుందనుకునేరు. యుద్ధంలో చాకిరీ చేసిన నర్సులకు పెన్షన్ ఇవ్వమని వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల వెంటపడింది. 1892లో చట్టం వచ్చింది, నెలకు 12 డాలర్లు. రాజకీయం మనకెందుకన్నది ఈవిడే!