ఏళ్ల నాటి షుగరునూ మళ్లీ అదుపులోకి తేవచ్చు

శ్రోతలందరికీ నమస్కారం.

ఇవాళ నేను మాట్లాడబోయేది షుగరు కొత్తగా వచ్చినవారి గురించి కాదు. పది పదిహేనేళ్లుగా మాత్రలు వేసుకుంటూ, మొదట్లో అదుపులో ఉన్నది రానురాను చేయి దాటిపోయి, పరగడుపున 220, తిన్నాక 340 కనిపించినా ఉలిక్కిపడటం మానేసినవారి గురించి. "నాకెప్పుడూ ఇంతే ఉంటుందండీ, అయినా బాగానే తిరుగుతున్నాను" అంటారు వారు. ఆ మాటలో నాకు ధైర్యం కంటే నిరాశే ఎక్కువగా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి పథ్యం చేశారు. ఇంట్లో మాటలు పడ్డారు. పెళ్లిళ్లలో అందరూ తింటుంటే చేయి కడుక్కుని లేచారు. అయినా అంకె దిగలేదు, ఇక దిగదని మనసులో నిర్ణయించేసుకున్నారు. వైద్యుడిగా ఇన్నేళ్లు చూసినదాన్ని బట్టి గట్టిగా చెబుతున్నాను, దిగుతుంది. కాకపోతే ఎందుకు పెరిగిందో ముందు పట్టుకోవాలి. దించేటప్పుడు తొందరపడకూడదు.

మొదట మీ మీద మీరు వేసుకున్న నిందను పక్కన పెడదాం. మనలో ఎక్కువ మందికి వచ్చే టైప్ 2 మధుమేహంలో, ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమంలోని బీటా కణాలు ఏటికేడు బలహీనపడుతూ ఉంటాయి. జబ్బు బయటపడేనాటికే వాటి శక్తి దాదాపు సగం పోయి ఉంటుందని బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనం, యూకేపీడీఎస్, చూపించింది. అంటే ఐదేళ్ల క్రితం చక్కగా పనిచేసిన మాత్ర ఇవాళ చాలకపోవడం జబ్బు స్వభావం. మందు పెంచవలసి వచ్చిందంటే మీరు పథ్యంలో ఓడిపోయారని కాదు.

ఇందులో మరో చిక్కు ఉంది. షుగరు చాలాకాలం ఎక్కువగా ఉంటే, ఆ ఎక్కువ ఉండటమే మిగిలిన బీటా కణాలను మొద్దుబారుస్తుంది. అవి మొద్దుబారితే షుగరు ఇంకా పెరుగుతుంది. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. కొన్ని వారాలో నెలలో ఇన్సులిన్ ఇచ్చి షుగరు దించితే ఆ కణాలకు విశ్రాంతి దొరికి కొంత తేరుకుంటాయి. ఆ తర్వాత కొందరికి మళ్లీ మాత్రలే సరిపోతాయి. "ఇన్సులిన్ మొదలుపెడితే ఇక చచ్చేదాకా పొడుచుకోవలసిందే" అన్న భయంతో రెండు మూడేళ్లు వాయిదా వేసేవారిని చూస్తుంటాను. ఆ రెండు మూడేళ్లలో కళ్లకూ మూత్రపిండాలకూ జరిగే నష్టమే సూది కంటే భయపడవలసినది.

హెచ్‌బీఏ1సీ పరీక్ష మీలో చాలామంది చేయించుకునే ఉంటారు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలమంతా దానికి ఎంత చక్కెర అంటుకుందో ఈ పరీక్ష చెబుతుంది. అందుకే పరీక్షకు ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకున్నా ఈ అంకె మారదు. 7 శాతం అంటే సగటున 154, 9 శాతం అంటే సగటున 212 అని లెక్క. ఇప్పుడు 10 ఉన్నవారు 7కు రావడం మా వల్ల కాదని మొదటే చేతులెత్తేస్తారు. కానీ అదే బ్రిటన్ అధ్యయనంలో, ఈ అంకె ఒక్క శాతం తక్కువగా ఉన్నవారిలో కళ్లు, మూత్రపిండాల వంటి చోట్ల చిన్న రక్తనాళాల జబ్బులు 37 శాతం తక్కువగా కనిపించాయి. ఇక్కడి నుంచి దిగితేనే లాభం అనే గీత ఏదీ అందులో కనబడలేదు. 10 నుంచి 9కి దిగినా అది మీ కళ్లకు దక్కిన లాభమే.

ఇక కారణాన్ని వెతికే పని. ఇన్సులిన్ తీసుకునేవారు వచ్చినప్పుడు, రిపోర్టుల కంటే ముందు నేను పొట్ట చూపించమంటాను. ఈ మధ్య అరవై దాటిన ఒకావిడ వచ్చారు. మోతాదు ఎంత పెంచినా ఆమెకు ఒకరోజు 350, ఒకరోజు 80. "అమ్మా, సూది ఎక్కడ వేసుకుంటారు?" అని అడిగితే బొడ్డుకు కుడిపక్కన వేలు పెట్టి చూపించారు. అక్కడ చర్మం కింద ఉసిరికాయంత ఉబ్బు. తడిమితే చుట్టుపక్కల కంటే కాస్త గట్టిగా, రబ్బరులా తగిలింది. "అక్కడైతే నొప్పి తెలియదు బాబూ, అందుకని రోజూ అక్కడే వేసుకుంటాను" అన్నారు. నొప్పి తెలియని మాట నిజమే. ఒకేచోట పదేపదే పొడవడం వల్ల కొవ్వు పేరుకుని ఆ ఉబ్బు తయారవుతుంది. అందులోకి వెళ్లిన ఇన్సులిన్ రక్తంలోకి ఎప్పుడు ఎంత చేరుతుందో చెప్పలేం. ప్రతిసారీ ముందు వేసుకున్న చోటికి కనీసం ఒక వేలి వెడల్పు దూరం జరగాలి. పొట్టకు రెండు వైపులా, తొడలకూ మారుస్తూ ఉండాలి. అయితే ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఉబ్బు వదిలి మంచి చర్మంలో వేసుకోవడం మొదలుపెట్టగానే ఇన్సులిన్ పూర్తిగా ఒంటికి పడుతుంది. పాత మోతాదే వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆవిడకు మోతాదు తగ్గించాకే స్థలం మార్చాము. మీరు కూడా వైద్యుడికి చెప్పాకే మార్చండి.

సిరంజి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ రంగు మూత సిరంజి. ఒకదాని సిరంజితో మరొకటి తీస్తే మోతాదు రెండున్నర రెట్లు తారుమారవుతుంది. మందుల దుకాణంలో సిరంజి తీసుకునేటప్పుడు సీసా మీద అంకె, మూత రంగు రెండూ చూసుకోండి. వేసవిలో వాడుతున్న సీసాను వంటింటి కిటికీ దగ్గర పెడితే మందు బలం పోతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో నీళ్లు పోసిన మట్టికుండ దగ్గర, మందుకు తడి తగలకుండా పెట్టుకోవచ్చు. ఫ్రిజ్ ఉన్నవారు గడ్డకట్టే అరలో మాత్రం పెట్టవద్దు.

ఇన్సులిన్ తీసుకోనివారిలోనూ దాగిన కారణాలు ఉంటాయి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో వేయించుకున్న ఇంజెక్షన్, ఆయాసానికి ఎవరో ఇచ్చిన పేరు తెలియని పొడి, వీటిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు ఒక్కసారిగా ఎగబాకుతుంది. చిగుళ్ల వాపు, మూత్రంలో ఇన్ఫెక్షన్, మానని పుండు కూడా పెంచుతాయి. షుగరు అదుపు తప్పడంతో పాటు బరువు తగ్గుతూ, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష తప్పకుండా చేయించాలి. మధుమేహం ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ. అన్నం సరిగా తినకుండానే చిక్కిపోతున్నవారిని "పథ్యం బాగా చేస్తున్నారు" అని మెచ్చుకుంటే జబ్బు ముదిరిపోతుంది.

తిండి దగ్గరికి వద్దాం. షుగరు రాగానే మనవాళ్లు మొదట చేసే పని అన్నం మానేసి చపాతీకి మారడం, లేదా పొద్దున్నే ఒక పెద్ద గ్లాసు రాగిజావ తాగడం. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. జొన్న, రాగి, గోధుమల్లో కూడా 65 నుంచి 72 గ్రాముల దాకా ఉంటుంది. పీచు ఎక్కువన్న మేలు ఉన్నమాట నిజమే కానీ, నాలుగు చపాతీలు తింటూ అన్నం మానేశామనుకుంటే షుగరు ఎలా దిగుతుంది? రాగిని మెత్తగా పిండి కొట్టి జావ కాస్తే అది చాలా త్వరగా అరిగిపోయి షుగరును తొందరగా పెంచుతుంది. ఏ ధాన్యం తింటున్నామన్న చర్చ కంటే, కంచంలో ఎంత చోటు దానికిస్తున్నామన్నది ముఖ్యం. సగం కంచం బీరకాయ, బెండకాయ, తోటకూర, గోంగూర, ఏదైనా కూర. పావు భాగం పప్పు, గుడ్డు, చేప వంటివి. మిగిలిన పావు అన్నం. తినే వరుస మార్చినా తేడా కనబడుతుంది. ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నానికి వస్తే తిన్నాక షుగరు అంత ఎత్తుకు వెళ్లదు. మన భోజనంలో మొదటి ముద్ద నుంచి చివర మజ్జిగ దాకా అన్నమే ఉంటుంది కాబట్టి ఈ మార్పు మొదట్లో కష్టంగానే ఉంటుంది. అన్నం వడ్డించే చేయి ఎవరిదో వారిని కూడా ఈ మాట వినమని కోరుతున్నాను. ఇంటిల్లిపాదీ ఇలాగే తింటే ఒక్కరిని వేరుగా కూర్చోబెట్టవలసిన అవసరమే రాదు.

రాత్రి పదింటికి తిని వెంటనే పడుకుంటే పొద్దున పరగడుపు అంకె దిగనే దిగదు. ఎనిమిది లోపు తిని ఒక పదిహేను నిమిషాలు వాకిట్లోనో వీధిలోనో నడవండి. కండరాలు కదిలితే ఇన్సులిన్ పెద్దగా లేకపోయినా చక్కెరను లాక్కుంటాయి. ఉదయం గంటసేపు నడిచినవారు కూడా భోజనం తర్వాత ఈ కొద్దిపాటి నడక వదలకూడదు. నడిచేది చెప్పులతోనే. పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఎండాకాలంలో గుడి ప్రాంగణంలో బండల మీద వట్టికాళ్లతో నడిచి, కాలిన సంగతి ఇంటికి వచ్చాక గానీ తెలుసుకోరు. దేవుడి దగ్గర మేజోళ్లు వేసుకోవడానికి సంకోచించవద్దు.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే వారానికోసారి పరగడుపున ఒక్కటే చూసి బీరువాలో పెట్టేయకండి. ఒకరోజు పొద్దున ఇడ్లీలకు ముందు, తిన్న రెండు గంటలకు చూడండి. మరోరోజు మధ్యాహ్నం, ఇంకోరోజు రాత్రి. పక్కనే ఏం తిన్నారో రాయండి. ఏ పూట పెరుగుతోందో తెలిస్తే ఆ పూట మందునో తిండినో సరిచేస్తాము. మీ వైద్యుడి చేతిలో పెట్టడానికి ఆ కాగితం చాలా విలువైనది.

ఇప్పుడు తొందరపడవద్దని ఎందుకన్నానో చెబుతాను. ఏళ్లుగా 300 దగ్గర ఉన్న ఒంటికి 130 వచ్చినా తక్కువైనట్టే ఉంటుంది. చెమట, వణుకు, నీరసం. భయపడి ఏదో తినేస్తారు, అంకె మళ్లీ పైకి పోతుంది. "నాకు షుగరు తగ్గితే పడదు" అన్న నమ్మకం ఇలాగే పుడుతుంది. అలా అనిపించినప్పుడు మీటరుతో చూడండి. 70 కంటే పైన ఉంటే కాస్త కూర్చుని తమాయించుకోండి, కొన్ని వారాల్లో ఒళ్లు అలవాటుపడుతుంది. 70 కంటే తక్కువ ఉంటే, లేదా చూసుకునే వీలు లేకపోతే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. అందుకు లడ్డూ, చాక్లెట్ పనికిరావు, వాటిలో కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా రక్తంలోకి వెళుతుంది. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కంటి విషయం ఇంకా ముఖ్యం. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగరును కొన్ని వారాల్లోనే కిందికి లాగితే, అప్పటికే రెటీనా, అంటే కంటి వెనకవైపు పొర, దెబ్బతిన్నవారికి కంటి జబ్బు కొంతకాలం ముదిరే ప్రమాదం ఉంది. అదుపు మంచిదే, దూరపు లాభం దానిదే. కానీ మందులు పెంచే ముందు కనుపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి రెటీనా పరీక్ష చేయించుకోండి. షుగరు దిగుతున్న వారాల్లో చూపు మసకగా అనిపిస్తే కంగారుగా కొత్త కళ్లజోడు కొనకండి. కంటి కటకం సర్దుకుంటున్నప్పుడు అలా ఉంటుంది. మసక తగ్గకపోయినా, నల్లటి చుక్కలు కనిపించినా ఆలస్యం చేయకుండా కంటి వైద్యుడికి చూపించండి.

మందులే మానేయవచ్చని ఫోనుల్లో వచ్చే వీడియోలు మీరూ చూసే ఉంటారు. స్కాట్లాండ్, ఈశాన్య ఇంగ్లండ్‌లలో జరిగి 2017లో వెలువడిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కేలరీలతోనే ఉండి బరువు తగ్గే పద్ధతిలో చేరినవారిలో నూటికి 46 మందికి ఏడాది తర్వాత మందు అవసరం లేకుండా షుగరు అదుపులో ఉంది. అది నిజమైన ఫలితమే. అయితే వారందరికీ జబ్బు వచ్చి ఆరేళ్ల లోపే, ఎవరూ ఇన్సులిన్ మీద లేరు, వైద్యుల కనుసన్నల్లో చేశారు. పదిహేనేళ్ల జబ్బు ఉన్నవారు ఆ వీడియో చూసి మందులు ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మీకు ఐదారు కిలోలు తగ్గినా మందు మోతాదు తగ్గవచ్చు. ఎంత తగ్గించాలో మీ వైద్యుడు నిర్ణయిస్తారు.

ఎంతకు దించాలన్నది కూడా అందరికీ ఒకటి కాదు. నలభై ఐదేళ్ల మనిషికి హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు మంచి గురి. ఎనభై ఏళ్ల పెద్దాయన ఒంటరిగా ఉంటూ గుండె జబ్బుకు మందులు వాడుతుంటే 8 చాలు, ఆయనకు రాత్రి నిద్రలో షుగరు పడిపోవడమే పెద్ద ప్రమాదం. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడుతూ కాళ్ల తిమ్మిర్లు ఉన్నవారు బీ12 పరీక్ష చేయించమని అడగండి. ఆ మందు దీర్ఘకాలం వాడితే ఈ విటమిన్ తగ్గవచ్చు, తిమ్మిర్లన్నీ షుగరు వల్లే అనుకుని వదిలేస్తే చికిత్స ఉన్నదాన్ని వదిలేసినట్టే. ముప్పై దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, రక్తపోటు పరీక్షలు ఉచితంగా చేస్తారు, మామూలు మాత్రలూ ఇస్తారు. ఈ వారం వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ, నొప్పులకు వేసుకునేవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మూత్రపిండాల సంగతి తెలిపే పరీక్షలు, అంటే మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, వాటితో పాటు కంటి పరీక్ష, పాదాల పరీక్ష ఈ ఏడాది అయ్యాయో లేదో అడగండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోండి.

సెలవు. నమస్కారం.