రెండోసారి రేడియేషన్: గడ్డలోకి నానోకణాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు హనుమకొండ నుంచి నమస్కారం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఒకసారి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్నాక అదే చోట గడ్డ తిరగబెడితే మళ్లీ పెట్టవచ్చా అని జనగామ, ములుగు వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. డాక్టర్ గారూ, ఇందులో ఇబ్బంది ఏమిటండీ?

డాక్టర్: ఇబ్బందంతా గడ్డ చుట్టూ ఉన్న అవయవాలతోనే వస్తుందండీ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎక్కువగా కనబడే నాన్ స్మాల్ సెల్ రకానికి సాధారణంగా రోజుకు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) చొప్పున 30 విడతల్లో 60 గ్రేలు ఇస్తాం. వెన్నుపాము భరించగలిగేది 45 నుంచి 50 గ్రేలే కనుక మొదటిసారే కిరణాలను దాని మీద పడకుండా జాగ్రత్తగా మళ్లిస్తాం. అన్నవాహిక, గుండె, మిగిలిన మంచి ఊపిరితిత్తి కూడా అప్పటికే కొంత మోతాదు తీసుకుని ఉంటాయి. అవి కాలక్రమంలో కొంత కోలుకున్నా, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు కాదు.

వ్యాఖ్యాత: మరి రేడియేషన్‌కు తోడుగా గడ్డలోకి ఎక్కించే నానోకణాలు, అంటే అతి సూక్ష్మమైన రేణువులు, అక్కడ ఏం చేస్తాయి?

డాక్టర్: హాఫ్నియం అనే లోహం పరమాణు సంఖ్య 72, బంగారానిది 79, మన ఒంట్లో ఎక్కువగా ఉండే కార్బన్, ఆక్సిజన్‌లవి 6, 8. తక్కువ శక్తి గల ఎక్స్ కిరణాలను పీల్చుకునే గుణం ఈ సంఖ్యతో పాటు ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, గడ్డలో చేరిన లోహకణాలు కిరణం తగలగానే ఎలక్ట్రాన్లను వెదజల్లి, పక్కనే ఉన్న క్యాన్సర్ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. 2004లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగంలో 1.9 నానోమీటర్ల బంగారు కణాలు మంచి ఫలితమే ఇచ్చాయి. కానీ అందులో వాడినవి 250 కిలోవోల్టుల కిరణాలు. మేము రేడియేషన్ ఇవ్వడానికి వాడే లీనియర్ యాక్సిలరేటర్ యంత్రపు కిరణాలు మెగావోల్టుల స్థాయివి. ఆ స్థాయిలో ఈ లాభం బాగా తగ్గుతుంది. ఈ సంగతి దాచిపెట్టి రోగికి ఆశ కల్పించడం నాకు సమ్మతం కాదు.

వ్యాఖ్యాత: వాటిని గడ్డలోకి ఎలా పంపుతారు?

డాక్టర్: హాఫ్నియం ఆక్సైడ్ కణాలున్న ద్రవాన్ని రేడియేషన్ మొదలుపెట్టే ముందు, ఒకేసారి, సూదితో నేరుగా గడ్డలోకి ఎక్కిస్తారు. అది సీటీ స్కాన్‌లో తెల్లగా కనబడుతుంది. గడ్డలో ఒక మూలకే చేరితే మిగతా భాగానికి దానివల్ల ప్రయోజనం ఉండదు. పైగా ఊపిరితిత్తికి సూది గుచ్చినప్పుడు గాలి బయటికి వచ్చి ఛాతీలో నిలిచిపోయే ప్రమాదం ఉంది.

వ్యాఖ్యాత: మనుషుల్లో ఫలితాలు ఎలా ఉన్నాయి?

డాక్టర్: గట్టి ఆధారం సార్కోమాలోనే, అంటే కండరాలు, కొవ్వు వంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్‌లోనే ఉంది. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆపరేషన్‌కు ముందు రేడియేషన్‌తో పాటు ఈ కణాలు ఇచ్చినవారిలో 16 శాతం మందికి గడ్డ దాదాపు పూర్తిగా నశించింది. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో అది 8 శాతం. తిరగబెట్టిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌ విషయంలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రి తొలి దశ పరీక్ష చేపట్టింది. కాబట్టి దీన్ని సిద్ధమైన చికిత్సగా ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దండీ.

వ్యాఖ్యాత: అయితే మన వరంగల్ రోగి ఇప్పుడు చేయవలసింది ఏమిటి?

డాక్టర్: చాలామంది డిశ్చార్జి కాగితం ఒక్కటే పట్టుకుని వస్తారు. మొదటిసారి రేడియేషన్ ఇచ్చిన ఆసుపత్రి నుంచి కిరణాలను ఎక్కడ, ఎలా ఇచ్చారో నమోదైన ప్లాన్ సీడీని, ఏ అవయవానికి ఎన్ని గ్రేలు పడ్డాయో చూపే పట్టికను అడిగి తెచ్చుకోవాలి. అవి లేకుండా రెండో చికిత్సకు హద్దులు గీయడం ఏ డాక్టరుకైనా కష్టమే.